మానవ సంబంధములు – కంప్యూటరు లెక్కలు

ధాన్యమును కొలుచుటకు కుంచము కలదు. పొలమును కొలుచుటకు గొలుసు కలదు. బంగారమును తూచుటకు త్రాసు కలదు. ఇద్దరు మనుష్యుల నడుమనున్న బంధము ఎంత గట్టిదో తెలుపు సాధనము మాత్రము మన పూర్వులకు లేకుండెను. అట్టిది కావలెనని వారు కోరినట్లును కానరాదు. పెండ్లినాడు పందిరి గుంజ పాతుటకు ఎవరు వచ్చిరి, జబ్బుపడిననాడు తలాపున ఎవరు కూర్చుండిరి, చావునాడు పాడె ఎవరు మోసిరి: ఊరిలో ఇవియే కొలతలు.

గడచిన ఇరువది సంవత్సరములలో ఈ పనికి కంప్యూటరు శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. ఫేస్‌బుక్కు, ట్విట్టరు మొదలగు సామాజిక మాధ్యమములందు జనులు వ్రాసికొను మాటలను పోగుచేసి, స్నేహము ఎట్లు మొలకెత్తును, ఎట్లు వాడిపోవును, జంటలు విడిపోవుటకు ముందు ఏ గుర్తులు కనబడును అను ప్రశ్నలకు వారు లెక్కలు కట్టిరి. ఈ పరిశోధకులలో తెలుగు ఇంటిపేర్లు గలవారు ఇద్దరున్నారు. వారు కనుగొన్న దేమి, ఆ లెక్కను మన ఇండ్లలో ఎంతవరకు నమ్మవచ్చును అను రెండు సంగతులను ఈ ప్రసంగమున విచారింతము.

ఈ విచారణ జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములవారికి ప్రత్యేకముగా పనికివచ్చునని మా తలంపు. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, పూర్వపు వరంగల్లు జిల్లానుండి ఈ మూడును వేరు జిల్లాలుగా ఏర్పడినవి. దానికి ఐదు వారములకు ముందు, సెప్టెంబరు 5న, జియో సంస్థ దేశమంతటను తన సేవలను ప్రారంభించెను. తొలినెలలలో ఉచితముగాను, పిదప మిక్కిలి చౌకగాను అంతర్జాలము సెల్‌ఫోనులలోనికి వచ్చినది. పటముమీద జిల్లాలు వేరుపడిన ఋతువునందే బంధుమిత్రుల పలకరింపులు వడివడిగా ఫోనులోనికి చేరసాగినవి.

జనగామ హైదరాబాదునకు పోవు రైలుమార్గముమీద నున్నది. కొడుకు కోడలు పట్నమునను, తల్లిదండ్రులు ఊరిలోను ఉండు కుటుంబము లక్కడ పెక్కు. మహబూబాబాదు వైపు తండాలలోని యువకులు చదువునకో, కూలికో, ఉద్యోగమునకో దూరము పోవుచున్నారు. భూపాలపల్లిలో సింగరేణి గనుల షిఫ్టులున్నవి. రాత్రి షిఫ్టు ముగించుకొని తండ్రి ఇల్లు చేరునప్పటికి పిల్లలు బడికి బయలుదేరుచుందురు. ఇట్టి ఇండ్లలో పలకరింపు చాలవరకు ఫోనుమీదనే జరుగుచున్నది. ఆ పలకరింపు దేనికి గుర్తు, దేనికి గుర్తు కాదు అని తెలిసికొనుట వీరికి వేడుక మాత్రమే కాదు, అవసరము.

ముందుగా యంత్రము మనుష్యుల నెట్లు చూచునో చెప్పవలెను. సంక్రాంతినాటి చుక్కల ముగ్గును తలచుకొనుడు. ప్రతి మనిషియు ఒక చుక్క. ఇద్దరు ఒకరి నొకరు ఎరుగుదురన్నచో ఆ రెండు చుక్కలను కలుపుచు ఒక గీత. కోట్ల చుక్కలును అంతకు ఎన్నియో రెట్ల గీతలును గల ఈ పెద్ద ముగ్గునే శాస్త్రజ్ఞులు సామాజిక జాలమందురు. ఏ చుక్కకు ఎన్ని గీతలున్నవి, ఏ గీత కొత్తది, ఏ గీత మాసినది అని లెక్కించుట యంత్రమునకు సులువైన పని.

ఈ ముగ్గును మొట్టమొదట పెద్ద ఎత్తున పరిశీలించినవారిలో శ్రీ గుమ్మడి కృష్ణగారు ఒకరు. వారు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 2005లో డాక్టరేటు పొంది, పిదప జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సాఫ్ట్‌వేర్ వ్యవస్థల పరిశోధనాలయమున చేరిరి. 2007లో వారును వారి సహచరులును ఆర్కుట్, యూట్యూబు, ఫ్లికర్, లైవ్‌జర్నల్ అను నాలుగు జాలములను కలిపి పరిశీలించిరి. ఆర్కుట్ మన దేశమున విరివిగా వాడబడి, 2014లో మూతపడిన జాలము. ఆ పరిశోధనలో 1 కోటి 13 లక్షల మంది మనుష్యులును, వారి నడుమ 32 కోట్ల 80 లక్షల గీతలును లెక్కకు వచ్చినవి. మానవ పరిచయములకు అది యొక పెద్ద పటము.

ఆ పటమున నొక లోపమున్నది. అందు గీతలన్నియు ఒక్కతీరుగా నుండును. తోడబుట్టినవాడును, పదియేండ్లుగా కనబడని బడినాటి స్నేహితుడును, ఒకమారు బస్సులో పరిచయమైనవాడును యంత్రమునకు సమానులే. కావున 2009లో బిమల్ విశ్వనాథ్, అలన్ మిస్లవ్, మియంగ్ చా, కృష్ణగార్లు ప్రశ్నను మార్చిరి. ఎవరు ఎవరికి స్నేహితులని పేరు వ్రాసికొనిరో విడిచిపెట్టి, ఎవరు ఎవరితో నిజముగా మాటాడుచున్నారో చూచిరి. అమెరికాలోని న్యూ ఆర్లీన్సు నగరమునకు చెందిన 60,000కు పైగా ఫేస్‌బుక్కు వినియోగదారులు ఒకరి గోడమీద ఒకరు వ్రాసికొనిన 8 లక్షలకు మించిన సందేశములు వారికి ఆధారము.

ఫలితము ఆలోచింపదగినది. ఒక నెలలో మాటాడుకొనిన జంటలలో నూటికి 30 మాత్రమే మరుసటి నెలలో తిరిగి మాటాడుకొనిరి. గీత పాతబడుకొలదియు దానిమీద నడచు మాటలు క్రమముగా తగ్గినవి. ఇట్లు గీతలు త్వరత్వరగా మారుచున్నను, ముగ్గు మొత్తపు ఆకృతి మాత్రము మారలేదు. వారపు సంతకు వచ్చు మనుష్యులు మారుచుందురు, సంత మాత్రము సంతగానే నిలిచియుండును. ఇదియు నట్టిదే.

అందే ఇంకొక సంగతి తేలినది. అరుదుగా మాటాడుకొను జంటల నడుమ జరిగిన సంభాషణలలో సగమునకు మించినవి పుట్టినరోజు శుభాకాంక్షలు. అనగా ఫలానివారి పుట్టినరోజు నేడు అని యంత్రము గుర్తుచేయగా వ్రాసినవి. ఇది విని, యంత్రము చెప్పిన పలకరింపు పలకరింపే కాదని తీసివేయుటకు మనసు పుట్టవచ్చును. అట్లు తొందరపడరాదని మా అభిప్రాయము. దసరానాడు మన ఊళ్లలో పాలపిట్టను చూచి, జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పెద్దల చేతులలో పెట్టి నమస్కరించెదము. ఏడాది పొడవున మాటలు లేనివారు సైతము ఆ సాయంకాలము ఒకరి నొకరు కౌగిలించుకొందురు. అప్పుడు మనకు గుర్తుచేయునది పంచాంగమే కదా! బలహీనమైన బంధమునకు ఇట్టి నెపము ఒకటి కావలెను. తేడా యెచ్చట నున్నదనగా, జమ్మి చేతబట్టిన మనిషి ఆ ఇంటి గడపవరకు నడచిపోవలెను. నడచిపోయినచో, కూర్చుండుమందురు, మంచినీ రిత్తురు, ముసలితల్లి మోకాళ్ల నొప్పి సంగతి తెలియును. రెండక్షరముల శుభాకాంక్ష గడపవద్దనే ఆగిపోవును.

గీతలు ఎక్కువగా నున్నవాని మాటకు విలువ ఎక్కువ యగునా అనునది తరువాతి ప్రశ్న. 2010లో కృష్ణగారును వారి సహచరులును దీనికి సమాధానము వెదకిరి. ట్విట్టరులోని 5 కోట్ల 40 లక్షలమంది, వారి నడుమ దాదాపు 200 కోట్ల గీతలు, వారు వ్రాసిన 170 కోట్ల సందేశములు లెక్కకు తీసికొనిరి. అనుచరుల సంఖ్య పెద్దదైనంత మాత్రమున ఆ మనిషి మాటను ఇతరులు తిరిగి చెప్పుదురనిగాని, వాని పేరెత్తి ముచ్చటింతురనిగాని తేలలేదు. పదిలక్షల అనుచరులను గూర్చిన భ్రమ యని వారు ఆ వ్యాసమునకు పేరుపెట్టిరి. వెయ్యిమంది పేర్లున్న ఫోనును జేబులో పెట్టుకొని, అర్ధరాత్రి ఆస్పత్రికి తోడువచ్చుటకు ఎవరిని పిలువవలెనో తోచక తడబడిన మనిషికి ఈ ఫలితమును వేరుగా వివరింప నక్కరలేదు.

ఇంతవరకు స్నేహమునుగూర్చి చెప్పితిమి. ఇంక దాంపత్యమువంటి గాఢమైన బంధమునుగూర్చి విచారింతము. శ్రీ గరిమెళ్ల కిరణ్‌గారు హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో చదివి, ఫిన్లాండు దేశపు ఆల్టో విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయమున అధ్యాపకులైరి. 2014లో వారును, ఇంగ్మార్ వేబర్, సోన్యా డాల్ సిన్ అను మరి ఇద్దరును కలిసి, ప్రేమికుల జంటలు విడిపోవు తీరును ట్విట్టరునందు పరిశీలించి ఒక వ్యాసము వెలువరించిరి. ట్విట్టరునకు 2023 నుండి ఎక్స్ అని పేరు.

జంటలను గుర్తించిన పద్ధతి సరళమైనది. ట్విట్టరులో ప్రతివాడును తన్ను గూర్చి రెండు మాటలు వ్రాసికొను తావు ఒకటి కలదు. అందు కొందరు తమ ప్రియుని పేరో ప్రియురాలి పేరో బహిరంగముగా వ్రాసికొందురు. కొంతకాలమునకు ఆ పేరు మాయమైనచో బంధము తెగినదని ఊహింపవచ్చును. ఇట్లు తెగిన 661 జంటలను వారు పరిశీలించిరి.

వారు కనుగొన్నవి ముఖ్యముగా నాలుగు. మొదటిది, జంట కాకముందు మంచి చెలిమి గలవారు విడిపోయిన తరువాతను కొంత దగ్గరగానే యుండిరి. రెండవది, విడిపోవుటకు ముందు ఒకరి మాటకు మరొకరు బదులు పలుకకుండుట ఎక్కువైనది. మూడవది, విడిపోయిన పిదప నిస్పృహను సూచించు మాటలు వారి వ్రాతలలో పెరిగినవి. నాలుగవది అంతకు పూర్వము ఎవరును నమోదు చేయనిది: విడిపోయినవారి స్నేహితుల జాబితానుండి ఒక్కుమ్మడిగా 15 మొదలు 20 మంది వరకు తొలగిపోయిరి.

ఈ నాలుగవ సంగతి మన ఊరి పెద్దలకు కొత్తగా తోచదు. పెండ్లి రెండు ఇండ్ల వియ్యము. అది చెడినచో మేనమామలు, ఆడబిడ్డలు, ఇరుగుపొరుగువారు కూడ ఆ పక్షమో ఈ పక్షమో చేరుదురు. పంచాయితీ కూర్చున్న పెద్దమనుషులకు ఇది అనుభవమున నున్న విషయమే. తమంత తాము ఒకరినొకరు ఎన్నుకొనిన యువతీయువకుల విషయమునను, ట్విట్టరువంటి చోట సైతము, జంట తెగినప్పుడు చుట్టునున్న గీతలు కూడ తెగునని లెక్క రుజువు చేసినది. ఇద్దరి మధ్యది ఇద్దరితోనే పోవునని అనుకొను నేటి యువకులు దీనిని గమనింపవలెను.

రెండవ సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ గాట్‌మన్ దంపతుల సంభాషణలను ఎన్నో యేండ్లు పరిశీలించి, కాపురము చెడుటకు నాలుగు గుర్తులు చెప్పెను: ఎదుటివాని గుణమునే నిందించుట, తిరస్కారము, తన తప్పేమియు లేదని వాదించుట, ఉలుకు పలుకు లేక గోడవలె నిలిచిపోవుట. ఈ నాలుగవ గుర్తే ట్విట్టరు లెక్కలలో కిరణ్‌గారికి కనబడినది. జగడములో ఇంకను మాటయున్నది. మాట యున్నంతవరకు రాజీకి దారి యున్నది. బదులు ఆగిపోయినప్పుడు ఆ దారి మూసికొనిపోవుచున్నదని గ్రహింపవలెను.

ఇచ్చట మిక్కిలి జాగరూకత అవసరము. మౌనము గుర్తు మాత్రమే. కారణమని వ్యాసకర్తలు చెప్పలేదు. దీపము రెపరెపలాడుట చమురు తగ్గినదనుటకు గుర్తు. రెపరెపలు చమురును త్రాగివేయలేదు. మరియు, ఈ లెక్క వందల జంటల సగటును తెలుపును గాని, ఫలాని ఇంటి ఫలాని జంట గతిని తెలుపదు. పరిశీలింపబడినవారు తమ ప్రేమను నలుగురిలో ప్రకటించుకొనినవారు. ఇల్లాలి పేరు బహిరంగముగా వ్రాయని కోట్ల జనులు ఆ లెక్కలో లేరు. ట్విట్టరున పలుకనివారు ఇంటిలో పలుకుచున్నారేమో యంత్రమునకు తెలియదు.

ఈ పరిమితులు తెలియక గుర్తును పట్టుకొని అనుమానపడినచో సంసారములకే చేటు. వాట్సాపులో సందేశము చదువబడినదని తెలుపు నీలిరంగు గుర్తులు 2014 నవంబరునుండి వచ్చినవి. ఆ రెండు గీతలు నీలమైనను జవాబు రాలేదని అలిగినవా రెందరు! భూపాలపల్లి గనిలో దిగిన కార్మికుని తీసికొనుడు. భూగర్భమున ఎనిమిది గంటల షిఫ్టు ముగిసి పైకి వచ్చువరకు అతనికి ఫోనుతో పనిలేదు. ఆ ఎనిమిది గంటల మౌనమును యంత్రము మౌనముగానే లెక్కించును. అతని ఇల్లాలు మాత్రము దానిని మౌనమని అనుకొనదు. పని యని ఎరుగును, షిఫ్టు వేళ యెరిగి అన్నము వేడిచేసి యుంచును. మహబూబాబాదు వైపు మిరపతోటలో కాయ తెంపు రోజులలో పొద్దుగూకువరకు ఫోను ముట్టని ఆడపడుచును, ఆమె అన్న చెల్లెలి ప్రేమ తగ్గినదని తూలనాడునా? మౌనమునకు అర్థము తెలియవలెనన్న ఆ మనిషి బ్రతుకు తెలియవలెను. ఆ తెలివి బంధువులకు గలదు, లెక్కకు లేదు.

ఇంకొక అడ్డు కూడ కలదు. మన కుటుంబముల మాటలు నడచునది ఎక్కువగా వాట్సాపున. 2016 ఏప్రిల్ నుండి అందలి సందేశములు పంపినవానికి, అందుకొనినవానికి తప్ప నడుమనున్నవారికి తెలియని గూఢలిపిలో పోవుచున్నవి. ట్విట్టరు కూడ పరిశోధకులకు ఉచితముగా సమాచార మిచ్చు పద్ధతిని 2023లో నిలిపివేసినది. అందువలన కిరణ్‌గారు మొదలగువారు తరువాతి కాలమున వేరొక మార్గము త్రొక్కిరి. ఉత్తరభారతపు పల్లెలలో మనుష్యుల వద్దకు పోయి, సంగతి వివరించి, వారి సమ్మతితో, వారు దానముగా ఇచ్చిన సందేశములను పేర్లు తొలగించి పరిశీలించిరి. ఒకరి ఉత్తరమును మరొకరు చదువరాదను పాత మర్యాదయే ఇందు శాస్త్రరూపమున నిలిచినది. సమ్మతి లేక భార్య ఫోనును భర్తయు, బిడ్డ ఫోనును తల్లియు దొంగతనముగా వెదకుటను ఈ మర్యాదతో సరిపోల్చి చూచుకొనవలెను.

మరి పలచని బంధము లన్నియు వ్యర్థములా యని కొంద రడుగవచ్చును. కావు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అను సమాజ శాస్త్రజ్ఞుడు, ఉద్యోగపు కబురు దగ్గరివారికంటె దూరపు పరిచయస్థుల వలననే తరచుగా వచ్చునని వాదించెను. దగ్గరివారికి తెలిసినది మనకును తెలిసియే యుండును. దూరపువారు వేరొక లోకపు వార్తను తెత్తురు. 2022లో లింక్‌డిన్ జాలమున 2 కోట్ల మందికి పైగా జనులతో చేసిన పరీక్షలు దీనిని చాలవరకు సమర్థించినవి. మరీ పలచనివికాక, మధ్యస్థముగా పలచనైన పరిచయములు ఎక్కువ ఉపకరించినవని తేలినది. జనగామనుండి పట్నమునకు పోయి కొలువు వెదకుకొను యువకునికి ఎప్పుడో ఒకమారు కలిసిన ఊరివాడే దారి చూపుట మన మెరిగినదే. పలచని గీత కబురు తెచ్చును, గట్టి గీత తలాపున కూర్చుండును. రెండును కావలెను, ఒకదానిని మరొకదానిగా భ్రమింపరాదు.

ఈ పరిశోధనలనుండి ఇంటికి తీసికొనిపోదగిన దేమి? పేర్ల సంఖ్య బంధమును చెప్పదు. పంపిన సందేశముల సంఖ్యయు పూర్తిగా చెప్పదు. ఉదయమున ఒకే పూలబొమ్మను రెండువందలమందికి పంపుట చాటింపు అగునుగాని పలకరింపు కాదు. పోయి వచ్చు మాట, అనగా అడిగినదానికి బదులు, బదులునకు మరల ప్రశ్న, ఇది బంధము సజీవముగా నున్నదనుటకు గుర్తని మా తలంపు. ఆకాశవాణి శ్రోతలకు ఇది తెలియని సంగతి కాదు. ప్రసంగము గాలిలో పోవును. శ్రోత ఉత్తరము వ్రాసి, దానికి జవాబు చదువబడిననాడే వినువానికిని చెప్పువానికిని చుట్టరికము కలుగును.

పెండ్లికి పిలుచుటయందును ఇదే వివేకము కలదు. శుభలేఖ పంపినను, ఇంటికి పోయి బొట్టుపెట్టి పిలిచినగాని పిలుపు పూర్తికాదని మన పెద్ద లందురు. బొట్టు పెట్టునప్పుడు ఎదుట మనిషి యుండవలెను, ఆ మనిషి వచ్చెదననియో రాలేననియో బదులు పలుకవలెను. నేడు శుభలేఖను వాట్సాపున పంపుట తప్పుగాదు, దూరమునందున్నవారికి వేరు దారి లేదు. పంపిన పిమ్మట ఒకమారు ఫోను చేసి నోట పిలిచినచో చాలును. ఊరిలోని తల్లి, మంచిగున్నవా బిడ్డా, తిన్నవా అని పంపిన సందేశమునకు బొటనవ్రేలి బొమ్మతో సరిపుచ్చక, తిన్నానమ్మా, నీవు తింటివా అని రెండు ముక్కలు పట్నమునుండి వచ్చినచో ఆ గీత ఆనాటికి మాయదు. ఆ రెండు ముక్కలను ఏ యంత్రమును మన బదులు వ్రాయదు. వ్రాసినను అమ్మకు తెలియును.